సహవాసం అనబోయి

మా ఆయన పోయాక, యాభై దాటిన వయసులో కోడలి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. కళింగపట్నంలో మా మందిరంలో అందరి ముందూ నిలబడి వాక్యం చదవాలన్నదే నా కోరిక.

ఒక ఆదివారం పాస్టరుగారు నన్ను పిలిచారు. బాగానే చదువుతున్నాను. ‘సహవాసం’ అన్న మాట దగ్గర నాలుక ఇంటి వాడుకకు జారి ‘సావాసం’ అనేశాను. మా వైపు ఆడదాని గురించి ఆ మాట అంటే పరాయి మగవాడితో స్నేహమని అర్థం.

‘‘ఓలమ్మో! ఈ వయసులో ఎవులితోటే అప్పా నీ సావాసం?’’ అంది ముందు కూర్చున్న కరుణమ్మ.

మందిరమంతా ఘొల్లుమంది. పాస్టరుగారు కూడా నవ్వాపుకుంటూ, ‘‘కూకోమ్మా, ఇంకెవులైనా సదువుతారు’’ అని నా చేతిలోని బైబిలు తీసుకున్నారు.

నా చోటుకు తిరిగి వస్తుంటే, ‘‘సావాసమప్ప వస్తంది, జరగండే’’ అంటూ చాప మీది ఆడవాళ్లు దూరం జరిగారు. ఆ తరువాత పాస్టరుగారు, సంఘమంటే ఒకరికొకరు తోడు నిలవడమేనని చాలాసేపు బోధించారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

ఆ పేరు నాకు అలాగే ఉండిపోయింది. ఇప్పుడు ఆ మాటను తప్పు లేకుండా చదువుతాను, ఇంట్లో, ఒక్కదాన్నే.