మామ ఫోన్‌ల మిగిలిన ఏడు పాటలు

మా మేనమామ పోయిండని పొద్దున ఏడింటికి అత్త ఫోన్ చేసి చెప్పింది. "మీ మామ లేడురా" అన్నది. కరోనా రెండోసారి మీద పడ్డ రోజులు. దవఖానల చేరి తొమ్మిదో రోజు. ఇంటికి తీసుకపోనియ్యలే. నలుగురం దూరంగ నిలబడి చూసినం, అంతే. పేపర్ల పేరు పడే మనిషి కాదు. నేనన్న నాలుగు మాటలు రాయకపోతే ఇంకెవరు రాస్తరని కూసున్న.

మామ సాంచెల పని మీద, అంటే కరెంటు మగ్గాలు నడిపే పని మీద, పెండ్లికి ముందే సూరత్ వచ్చిండు. ఇరవై ఏండ్లు సాంచెలు నడిపిండు. ఆ మోతకు ఎడమ చెవి పోయింది. తర్వాత సూరత్‌లనే పాండేసరల ఒక కార్ఖానాల బట్ట చూసే పని దొరికింది. సాంచె మీదికెల్లి దిగిన తానును బల్ల మీద పరిచి, లైటు కింద జరుపుకుంట చూడాలె. పోగు తెగినకాడ, మరక పడ్డకాడ అంచుకు ఎర్రదారం ముడెయ్యాలె. ఆయన కండ్లకంటె ఎక్కువ అరచేతిని నమ్మేటోడు. ఇంట్ల చాయ్ తాగుకుంట మాట్లాడేటప్పుడు గూడ ఆ చెయ్యి చాప మీద ఊరికే జరుగుతుండేది. "ఏం చూస్తున్నవు మామా, చాపల తప్పున్నదా?" అంటే నవ్వేటోడు.

నేను గూడ సూరత్‌ల సాంచెలోళ్ల ఇంట్లనే పెరిగిన గాని ఆ పని నేర్వలే. కంప్యూటర్ కోర్సు చేసి అడాజన్‌ల ఒక ఆఫీసుల చేరిన. ఆడ జిగర్ అని గుజరాతీ దోస్త్ దొరికిండు. ఇద్దరం కలిసి బ్యాండ్ పెట్టినం, పేరు ధుమ్మస్. గుజరాతీల పొగమంచు అని అర్థం. మేం వాయించేదాన్ని షూగేజ్ అంటరు. గిటార్ మోతను మిషన్లతోని పొగ లెక్క పరిచి, గొంతును దాని కింద ముంచేసుడు. ముప్పై ఏండ్ల కింద ఇంగ్లండుల పుట్టిన బాణీ. మాటలు ఇంగ్లీషుల నేనే రాసిన గాని, నిజం చెప్పాలంటే బాణీ అంత నకలే. వింటే మాత్రం మంచిగనే ఉంటది, ఎవరేమన్న అనుకోన్రి.

మొదటి లాక్‌డౌన్ ఎత్తేసినంక గూడ సాంచెలు నడువలే. పనోళ్లంత ఊర్లకు పోయిన్రు. కార్ఖానా తాళంచెవి మామ దగ్గర ఉండె.

"ఇంట్ల మోత పెడ్తే పక్కింటోళ్లు కొడ్తరు. ఈడికి రాన్రి. ఈ గోడలు ఇనని మోతనా?" అన్నడు.

"సేఠ్‌ను అడిగినవా మామా?"

"సేఠ్ అడిగితే చెప్తం తీ, సాంచెలకు జోలపాట పాడుతున్నమని."

మాస్కులు పెట్టుకొని నాలుగు ఆదివారాలు పోయినం, ఏడు పాటలు రికార్డు చేసినం. డ్రమ్స్ ల్యాప్‌టాప్‌లకెల్లి. రేకుల కప్పు కింద ప్రతి చప్పుడు రెండుసార్లు వినబడేది. ఒక పాటల పావురం రెక్కలు కొట్టుకున్నది. ఇంకో పాట నడుమ జిగర్ తుమ్మిండు. ఆ రోజులల్ల తుమ్మంటే ఏందో మీకు ఎరుకే, ముగ్గురం ఒకలకొకలం ఇంత దూరం జరిగినం.

ఏడు పాటలు మామకు వాట్సాప్‌ల పంపిన. ఆయన ఖాళీ బల్ల ముంగట కూసోని, కుడి చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకొని, కండ్లు మూసుకొని ఇన్నడు. మూడు రోజులు ఇన్నడు. తర్వాత ఒక చలాన్ కాయితం వెనుక రాసి ఇచ్చిండు. "మూడో పాట, ఒక నిమిషం నలభై, పోగు తెగింది. నాలుగో పాట, రెండు నిమిషాల పదిహేను, మరక." మరకంటే జిగర్ తుమ్ము. మొత్తం ఇరవై మూడు తప్పులు. మంచిగున్నయని గాని, లేవని గాని రాయలే.

"గివన్ని ఇంగ్లీషోళ్ల నకలే మామా," అన్న, ఆయన అనకముందే నేనే అనేసుకుందామని.

"సూరత్‌ల కూసోని నకలంటే సిగ్గుపడ్తున్నవా? సినిమాల ఒక చీర కనబడ్తే వారంల ఈడ మార్కెట్ల దిగుతది. నకలైతే ఏందిరా, పట్టుకుంటే చేతికి మంచిగుండాలె."

మేం ఆ కాయితం పట్టుకొని నెలరోజులు కూసున్నం. పావురాన్ని తీసినం. తుమ్మును తీసినం. గొంతును మళ్ల పాడి పైకి తెచ్చినం. ల్యాప్‌టాప్‌ల జాగ లేక పాతవాటి మీదనే కొత్తవి సేవ్ చేసినం. మా ఫోన్లల్ల ఉన్నవి గూడ చెరిపేసినం, పాతవాటితోని ఇగ పనేందని. సంబరంగ పోయి మామకు వినిపించిన.

ఆయన మొదటి పాట సగంల ఇయర్‌ఫోన్ తీసేసిండు. "ఇదెవరి మాల్‌రా?"

"మాదే మామా. పాతవి చెరిపేసి, నువ్వు రాసినవన్ని దిద్దినం."

"దిద్దుమన్ననా నేను?" ఆయన గొంతు లేపుడు నేను అదే మొదటిసారి చూసుడు. "తప్పు కత్తిరిస్తే తాను రెండు ముక్కలైతది. దారం ఎందుకు కడ్తం? ఈడ గిట్లున్నదని ఎరుక ఉండాలెనని. ఎరుకైనంక అమ్ముతవో, కట్టుకుంటవో నీ ఇష్టం."

సాంచెల ఇంట్ల పెరిగి గీ సంగతి తెల్వకపాయె నాకు. అయినా మొండిగ కొత్తవే ఇంటర్నెట్‌ల పెట్టినం. పదిమంది ఇన్నరు. శుభ్రంగున్నయి అన్నరు. మళ్ల ఇనలే. నేను గూడ ఇనలే.

మామ పోయినంక వారం పది రోజులకు తట్టింది, ఆ పాతవి ఆయన ఫోన్‌ల ఉంటయేమో అని. చావు జరిగిన ఇంటికి పోయి ఫోన్ అడుగుడు ఎట్ల? మూడుసార్లు పోయి, పండ్లు ఇచ్చి, ఊరికే తిరిగొచ్చిన. నాలుగోసారి అత్తనే అడిగింది, "ఏందిరా, ఏమన్న కావాల్నా?" అని. సిగ్గు ఇడిచి చెప్పిన.

ఫోన్ మామ బిడ్డ, మా మరదలి దగ్గరున్నది. ఎనిమిదో తరగతి, దాంట్లనే ఆన్‌లైన్ క్లాసులు. అత్త దాని చేతిలకెల్లి తీసుకొని నాకిచ్చింది.

"నీ పాటలే ఉన్నయి. ఇంకేం లేవు."

"ఇంకేం లేకపోవుడేంది అత్తా?"

"క్లాసు వీడియోలతోని ఫోన్ రోజు నిండిపోయేది. నిండినప్పుడల్ల ఫోటోలు తీసేసేటోడు. మేం ద్వారక పోయినప్పటివి తీసిండు, పిల్ల పుట్టినరోజువి తీసిండు. ఆయనవి ఒక్కటి ఉంచలే. గోడ మీద చూడు, గేట్ పాస్ ఫోటోనే పెద్దగ చేపిచ్చిన. మొకం మసకగున్నది. ఆ పాటలు తీసెయ్యరాదయ్యా అని కొట్లాడిన. 'పిలగాండ్లు చెరిపేసుకున్నరే, ఇంకేడ లేవు, వాడు అడుగుతడు' అన్నడు."

నేను ఆడనే ఏడ్చిన. అత్త ఏడ్వలే, ఆమెకు కోపమే ఉన్నది, ఆయన మీదనో నా మీదనో. పాటలు నా ఫోన్‌కు పంపుకొని, "ఇగ ఇవి తీసేస్త అత్తా, పిల్లకు జాగైతది," అన్న.

"ఉండనియ్యి," అన్నది. మళ్ల తనే, "పెట్టు ఒకటి. అంత గనం ఏమున్నదో నేను గూడ ఇంట," అన్నది.

నాలుగో పాట పెట్టిన, జిగర్ తుమ్ము ఉన్నది. అత్త ఫోన్ దగ్గరికి వంగి ఇన్నది. గిటార్ మోత, దాని కింద ఎక్కడనో నా గొంతు. "నువ్వేనా? ఏమంటున్నవురా ఇందుల?" అని అడిగింది. ఆ మాటలకు అర్థం ఇప్పటిదాంక ఎవరూ అడగలే, జిగర్ గూడ. ఒక్కొక్క చరణం తెలుగుల చెప్పుకుంట వచ్చిన. సిగ్గుకు ఆగి ఆగి చెప్తున్న, పాట నాకంటె ముందుకు పోతున్నది. అత్త ఫోన్ మీది నుంచి కండ్లు తియ్యకుండ, "ఆఁ, తర్వాత?" అంటున్నది.