మా రెండో పామును చూడటానికి వచ్చినవాళ్ళు

పాముల్ని పెంచేవాళ్ళలో ముప్పాతిక మంది దద్దమ్మలు. ఈ మాట నేను ధైర్యంగానే అనగలను, ఎందుకంటే మొదటి పామును కొన్న ఏడాదికే నేనూ వాళ్ళలో చేరిపోయాను. ఏడాదిపాటు ఒక పాము మన చేతిలో చావకుండా ఉంటే చాలు, దాని గురించి అంతా మనకే తెలుసన్న భ్రమ తలకెక్కుతుంది. ఆన్‌లైన్ గ్రూపుల్లో చూస్తుంటాను కదా. నిన్న పామును కొన్నవాడు ఇవాళ పదిమందికి సలహాలిస్తుంటాడు. నేనూ ఇచ్చాను. ఎవరో పాపం, పాము పెట్టెను ఎంత వెచ్చగా ఉంచాలని అడిగితే, నాలుగు పేరాల జవాబు రాశాను.

మేముండేది ఇంగ్లండ్‌లో, స్టీవెనేజ్ అనే ఊళ్ళో. నేనొక ఇంజనీరింగ్ కంపెనీలో విడిభాగాలు కొనే విభాగంలో పనిచేస్తాను. ఇంట్లో నేనూ మా ఆయనా, అంతే. పిల్లలు లేరు. ఆ సంగతి చెప్పగానే మనవాళ్ళు ముఖం ఎలా పెడతారో నాకు కంఠతా వచ్చు. ముందు కనుబొమలు దగ్గరకొస్తాయి, తర్వాత తల పక్కకు వాలుతుంది, ఆ తర్వాత హైదరాబాదులో ఎవరో మంచి డాక్టరున్నారన్న కబురు వస్తుంది. ఊళ్ళోని తెలుగు కుటుంబాలన్నీ పిల్లల పుట్టినరోజుల చుట్టూనే తిరుగుతాయి కాబట్టి, మమ్మల్ని పిలవడం మెల్లగా మానేశారు. పోతే పోయారు, వాళ్ళ కేకులూ బెలూన్లూ ఎవరికి కావాలి అనుకునేదాన్ని. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉండేది.

మా ఆయనకు బొచ్చున్న జంతువు దగ్గరికొస్తే తుమ్ములు. అందుకే పాము. మొదటిది కార్న్ స్నేక్ అనే విషం లేని జాతిది, నారింజ రంగుది, నా చిటికెనవేలంత లావు. వారానికొక ఎలుకపిల్లను మింగేది, చెక్క కింద దూరి పడుకునేది, ఎవరి జోలికీ పోయేది కాదు. అది బాగుండటానికి నా తెలివే కారణమనుకున్నాను.

రెండు వీధుల అవతల ఒక ఆంటీ ఉంటుంది. కరీంనగర్ వైపు మనిషి. ఊళ్ళో తెలుగువాళ్ళకు వ్రతమైనా, సీమంతమైనా, బతుకమ్మైనా ఆవిడ చేతి మీదుగా జరగాల్సిందే. ఒకరోజు ఏదో గిన్నె తిరిగివ్వడానికి ఇంకో ఇద్దరితో కలిసి వచ్చి మా పామును చూసింది. చాలాసేపు కళ్ళద్దాలు సవరించుకుంటూ చూసింది.

"గిదేంది బిడ్డా, బెల్టు లెక్కున్నది. పామంటే చూడంగనే చెయ్యెత్తి మొక్కబుద్ధి కావాలె," అంది.

ఆవిడ వెంట వచ్చిన ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ళు వెళ్ళాక నాకు ఒళ్ళు మండిపోయింది. జీవితంలో పామును ముట్టుకోని మనిషి నా పాముకు మార్కులు వేస్తుందా అనుకున్నాను. అయినా సరే, ఆ వారమే రెండో పాము కోసం వెతకడం మొదలుపెట్టాను. ఈసారి బెల్టులా ఉండకూడదు. ఎవరైనా సరే, పనిగట్టుకుని చూడటానికి వచ్చేలా ఉండాలి.

పాముల్ని పెంచి అమ్మే ముసలాయన ఒకాయన పక్క ఊళ్ళో ఉన్నాడని తెలిసి వెళ్ళాను. రిటైరైన పోస్ట్‌మ్యాన్. మోచేతుల దగ్గర చిరుగులున్న స్వెటర్, కాళ్ళకు రెండు వేర్వేరు మేజోళ్ళు. వెనక గదిలో గోడంతా పెట్టెలు, పెట్టెల మీద చేత్తో రాసిన చీటీలు. వచ్చినవాళ్ళకు టీ ఇవ్వాలన్న ధ్యాస లేదు, కూర్చోమన్న మాట లేదు. పోలీసు స్టేషన్‌లో అడిగినట్టు ప్రశ్నలు మాత్రం వేశాడు. మొదటి పాము ఏది, ఎంత తింటుంది, రెండోది ఎందుకు.

"మొదటిదానికి తోడుగా," అన్నాను.

పాములకు తోడు అక్కర్లేదనీ, రెంటినీ ఒక పెట్టెలో పెడితే ఒకటి చస్తుందనీ, కొత్తదాన్ని వేరే గదిలోనే ఉంచాలనీ చెప్పాడు. ఆ తర్వాత ఇంకో కార్న్ స్నేక్ తీసి చూపించాడు. గోధుమరంగుది, ఏ ప్రత్యేకతా లేనిది. కొత్తగా పెంచేవాళ్ళకు రెండో పాము కూడా తెలిసిన జాతిదే అయితే మంచిదన్నాడు. ఒక్క పామును ఒక్క ఏడాది చూస్తే, మనకు తెలిసేది ఆ ఒక్క పాము గురించేనట. నాకది అవమానంలా తోచింది. కొనుగోళ్ళ విభాగంలో ఇరవై ఏళ్ళుగా ఉన్నాను. అమ్మేవాడు ఏది అంటగట్టాలని చూస్తే దాన్ని కొనకూడదన్నది నాకు ఒంట్లో ఇంకిపోయిన పద్ధతి. మనిషి నిజమే చెబుతున్నాడేమోనన్న అనుమానం ఆ పద్ధతిలో ఎక్కడా లేదు.

కింది వరసలో ఉన్న రాయల్ పైథాన్ అనే చిన్నజాతి కొండచిలువను చూపించాను. ముదురు గోధుమరంగు మీద బంగారపు మచ్చలు, నా మణికట్టంత లావు. దాన్ని చూస్తే ఆంటీ నోరు మూతపడుతుందని నాకు నమ్మకం కలిగింది.

ముసలాయన తల గోక్కున్నాడు. "ఇది పిరికిది. భయపడితే తిండి మానేస్తుంది. రెండు వారాలు ముట్టుకోకండి. పెట్టె అద్దానికి గుడ్డ కప్పండి. నాలుగుసార్లు తిన్నాకే బయటికి తీయండి. అప్పటిదాకా ఎవరికీ చూపించకండి," అన్నాడు.

సరే సరే అన్నాను. ముసలాయన చాదస్తం అనుకున్నాను.

దాన్ని తెచ్చి ముందుగదిలో పెట్టాను. వేరే గదిలో పెట్టినందుకు మా ఆయన మెచ్చుకున్నాడు కూడా. ముందుగదిలో ఎందుకు పెట్టానో ఆయనకు అర్థం కాలేదు. నాలుగో రోజున ఆంటీ ఫోన్ చేసింది.

"కొత్తది తెచ్చినవట గద బిడ్డా. చూడనీకి వస్తున్నం."

ఇప్పుడు కాదు ఆంటీ, రెండు వారాలాగి రండి. ఆ మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? కంపెనీలో రోజుకు పదిమంది అమ్మకందార్లకు మొహమాటం లేకుండా కుదరదని చెబుతాను. ఆంటీకి మాత్రం, రండి రండి, భోజనం కూడా ఇక్కడే అన్నాను.

"ముట్టుకోవద్దన్నడు గద ఆయన," అన్నాడు మా ఆయన.

"ఒక్కసారికి ఏం కాదు," అన్నాను.

ఎనిమిదిమంది వచ్చారు. పురుడు పోసుకున్న ఇంటికి వచ్చినట్టు స్వీటు డబ్బా తెచ్చారు. నేను పెట్టెకున్న అద్దం తలుపు జరిపి పామును బయటికి తీశాను. అది తల లోపలికి దాచుకుని ముద్దలా చుట్టుకుపోయింది. సిగ్గుపడుతోందని ఒకావిడ అంది. దండం పెడుతోందని ఇంకొకావిడ అంది. భయంతో ఊపిరి బిగబట్టిందని నాకు తెలుసు. చదివాను. చదివిన సంగతి నోటిదాకా వచ్చింది, ఈలోగా ఎవరో టీ అడిగారు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం జనమే. వాళ్ళ తెలివితేటలు వింటే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. విమానాల భాగాలు డిజైన్ చేసే పెద్దమనిషి, పాము పగబడితే ఇల్లు మారినా వదలదా అని సీరియస్‌గా అడిగాడు. లండన్‌లోని ఇల్ఫర్డ్ నుంచి ఎవరో చుట్టాలను తీసుకొచ్చిన అంకుల్, పడగ లేదేంటని నిరాశపడ్డాడు. కారులో ఇంత దూరం వచ్చామని గుర్తు చేశాడు, పడగను నేనే ఎక్కడో దాచిపెట్టినట్టు. ఒకావిడ అద్దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. నేను వీళ్ళందర్నీ లోలోపల ఉతికి ఆరేసేదాన్ని. బయటికి మాత్రం ప్లేట్లు అందిస్తూ, మళ్ళీ తలుపు జరుపుతూ ఉండేదాన్ని. వెనక గదిలోని కార్న్ స్నేక్‌ను చూస్తామన్న మనిషి ఒక్కరూ లేరు. అందుకే అది హాయిగా తిని పడుకుంది.

రాయల్ మాత్రం తినలేదు. ఫ్రీజర్‌లోంచి తీసిన చచ్చిన ఎలుకను వేడినీళ్ళలో పెట్టి మెత్తబరిచి, పొడుగాటి పట్టకారుతో ముందు ఆడిస్తే ముఖం తిప్పుకునేది. మొదటివారం కొత్తకదా అనుకున్నాను. మూడోవారం గ్రూపుల్లో అడిగాను. ఒకడు ఎలుకను ఇంకా వేడి చేయమన్నాడు, ఇంకొకడు అస్సలు వేడి చేయొద్దన్నాడు, మూడోవాడు నాలాంటివాళ్ళకు పాములు అమ్మకూడదన్నాడు. ఆ మూడోవాణ్ణి బ్లాక్ చేశాను. అయిదోవారానికి దాని వెన్నెముక గట్టులా పైకి తేలింది. వంటింటి త్రాసు మీద డబ్బాలో పెట్టి తూచిన ప్రతిసారీ బరువు తగ్గుతూనే ఉంది.

"అది సచ్చిపోతది. జనాల్ని ఆపు," అన్నాడు మా ఆయన.

"ఎట్ల ఆపుత? ఇన్నేండ్లకు మన ఇంటికి నలుగురొస్తున్నరు."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకూ తెలియదు. వాళ్ళంటే నాకు చిరాకనే అప్పటిదాకా నమ్ముతూ వచ్చాను.

ఏడోవారంలో నాగుల పంచమి. ఉదయాన్నే ఆంటీ ఆరుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. పట్టుచీరలు, ఫ్లాస్కులో పాలు, జొన్న ప్యాలాలు, అగరొత్తులు.

"ఈ దేశంల పుట్ట యాడ దొరుకుతది? నీ పుణ్యాన నాగన్ననే దొరికిండు," అంది ఆంటీ.

"పాములు పాలు తాగవు ఆంటీ," అన్నాను. నవ్వుతూ అన్నాను. నవ్వుతూ అన్న మాటను ఎవరు పట్టించుకుంటారు?

"తాగకుంటె మానె. మీద రెండు చుక్కలు పోస్తం. నీ కోసమే బిడ్డా. నీ కడుపు పండాలని అందరం మొక్కుతున్నం."

నాకు నలభై ఆరేళ్ళు. వాళ్ళకు తెలియక కాదు. ఇంకెవరైనా అయితే ఆ మాటకు తిరగబడేదాన్ని. కానీ ఏడుగురూ కళ్ళు మూసుకుని, తమ ఇళ్ళల్లో పనులు మానుకుని వచ్చి, నా కోసం నిలబడ్డారు. ఒక్కరి మొహంలోనూ ఆ పాత జాలి లేదు. తలుపు నేనే జరిపాను. ఏడు వారాలుగా తినని ఆ జీవిని నేనే రెండు చేతులతో బయటికి తీసి పట్టుకున్నాను. ఒక్కొక్కరూ చెంచాతో పాలు పోశారు, కుంకుమ చల్లారు. మూసిన కిటికీల మధ్య ఏడు అగరొత్తులు వెలిగాయి. పాము నా చేతుల్లో బిగుసుకుని అలాగే ఉండిపోయింది. ఆ గంటసేపు నేను సంతోషంగా ఉన్నాను. సిగ్గులేకుండా చెప్పాలంటే, చాలా సంతోషంగా ఉన్నాను.

మూడోరోజున దాని ఊపిరిలో ఈల వినిపించింది. నోటి చివర బుడగలు. ఆఫీసుకు సెలవు పెట్టి, పిల్లోకవర్‌లో చుట్టి ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆయన దాన్ని వెలుతురు దగ్గర పెట్టి చూశాడు. పొలుసుల మధ్య ఇరుక్కున్న ఎర్రటి పొడిని గోటితో తీసి, ఇదేమిటని అడిగాడు. పూజ సంగతి చెప్పాను. మా ఆచారాలను వెక్కిరిస్తే ఏం అనాలో దారిపొడుగునా సిద్ధం చేసుకున్నాను కూడా. ఆయన వెక్కిరించలేదు.

"ఎంతమంది పట్టుకున్నారు?" అన్నాడు.

లెక్కపెట్టబోయాను. ముప్పై దాటాక ఆపేశాను.

పొగ ఊపిరితిత్తులకు చేటనీ, తిండిలేక బలం లేదు కాబట్టి బతుకుతుందని చెప్పలేననీ అన్నాడు. నా ఎదుటే పశువుల డాక్టరుకు ఫోన్ చేసి, ఆ సాయంత్రమే చూపించడానికి మాట్లాడాడు. పాము తన దగ్గరే ఉంటుందని చెప్పి తలుపు వేసుకున్నాడు.

ఆదివారాలు జనం ఫోన్లు చేస్తే, పాముకు బాగోలేదని చెప్పాను. అయ్యో అన్నారు. తగ్గాక చెప్పు, వస్తామన్నారు. ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి లేకుండా పోయింది. వాళ్ళకు తెలియదు, నాకు తెలుసు. తెలిసీ తలుపు జరిపిన చెయ్యి నాది. తెలివితక్కువవాళ్ళను క్షమించవచ్చు, నాలాంటి మనిషిని ఏం చేయాలి?

అయిదు వారాల తర్వాత ముసలాయన నుంచి మెసేజ్ వచ్చింది. తిన్నది, అని ఒక్క మాట. ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మర్నాడే వెళ్ళాను.

వెనక గదిలో అన్నిటికంటే కింది వరసలో, తువ్వాలు కప్పిన పెట్టె ఒకటి ఉంది. ఇంజెక్షన్లు పనిచేశాయనీ, ఊపిరి తేలికపడిందనీ చెప్పాడు. ఆ పెట్టె ముందు నిలబడి నన్ను అడిగాడు.

"ఇంటికి తీసుకెళ్తే, మీవాళ్ళను రావొద్దని చెప్పగలరా?"

చెప్పగలనని అనడానికే నోరు తెరిచాను. ఆంటీ గుమ్మంలో నిలబడినట్టు, చెప్పులు విప్పుతున్నట్టు, వెనకాల ఇంకో నలుగురు ఉన్నట్టు ఊహించుకుని చూశాను.

"చెప్పలేను. మీ దగ్గరే ఉంచండి," అన్నాను.

సరేనన్నాడు. వెళ్ళబోతూ ఆగాను.

"ఒక్కసారి చూడొచ్చా? దూరం నుంచే."

"వద్దు. నిన్ననే కదా తిన్నది," అన్నాడు.

ఎంత సులువుగా అన్నాడో. గొంతు పెంచలేదు, క్షమించమనలేదు, టీ తాగి వెళ్ళమనలేదు. నాకు చిన్నతనంగా కూడా అనిపించలేదు. అలాగే అని చెప్పి, కారు దగ్గరికి నడిచాను.