వెనక నుంచి పిలవని మేడం

మా కంప్యూటర్ ల్యాబు మేడం పోయిన సోమవారం కడపలో, తమ ఇంట్లో కన్నుమూశారు. ఈ నెల ఇరవై అయిదున కర్నూలులో మన కళాశాలలో సంస్మరణ సభ ఉంది. అక్కడ మొదట మాట్లాడేది వేంపల్లె అని నిర్ణయమైంది. తను మాట్లాడిందంటే మేడం ఇక తన మేడం అయిపోతారు. అందుకే సభకు ముందే, మన పాత విద్యార్థుల పత్రికలో ఇది రాస్తున్నాను.

వేంపల్లె అంటే ప్రాజెక్టులో నా జత అమ్మాయి. మేడం మమ్మల్ని ఊళ్ల పేర్లతోనే పిలిచేవారు. తను వేంపల్లె, నేను ఆలూరు. ల్యాబు గుమ్మం బయట వదిలిన చెప్పులు చూసి లోపల ఎవరున్నారో చెప్పగలిగేవారు. "డోన్ వచ్చినాడే, కొత్త చెప్పులు కొన్న్యాడు, ఇంగ చదువుతాడా" అని నవ్వుతూ లోపలికి వచ్చేవారు. నా చెప్పులు గుర్తుపట్టి ఎప్పుడూ ఏమీ అనలేదు.

రెండువేల ఏడులో మాకు రెండు సర్వర్లు ఉండేవి. పాతది ల్యాబులో, కొత్తది ఆఫీసు భవనంలో. ఒక్కో సర్వరు లోపల నాలుగైదు కంప్యూటర్లు ఉన్నట్టే నడిచేవి. వాటిని వర్చువల్ మెషీన్లు అంటారు. చేత్తో పట్టుకోవడానికి ఏమీ ఉండదు గానీ, పని చేసుకునేవాళ్లకు అదొక కంప్యూటరే. కరెంటు పోతే ఆఫీసు భవనానికి జనరేటరు ఉంది, ల్యాబుకు బ్యాటరీ మాత్రమే. అది అయిపోయేలోగా ఆ మెషీన్లను, నడుస్తుండగానే, పాత సర్వరు నుంచి కొత్తదానికి జరపాలి. బటన్ నొక్కితే జరిగేలా ఒక పేజీ తయారు చేయడం మా ఇద్దరి చివరి ఏడాది ప్రాజెక్టు.

అయితే అన్ని మెషీన్లూ జరగవు. మా పేజీ ఆ సంగతి ముందు చెప్పేది కాదు. బటన్ నొక్కితే తెర మీద గీత మెల్లగా నిండేది, ఆఖరున కుదరలేదని ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చేది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మా ల్యాబులో మార్కులు ఎక్కిస్తున్న పరీక్షల విభాగం గుమాస్తా బటన్ నొక్కి, గీత నిండడం చూస్తూ కూర్చున్నాడు. కుదరలేదని తెలిసేసరికి బ్యాటరీ అయిపోయింది. పొద్దుటి నుంచి ఆయన ఎక్కించిన మార్కులన్నీ పోయాయి.

"ముందే చెప్పింటే యాడన్నా దాచుకుంటాంటి గదమ్మా," అన్నాడాయన. "బస్సెక్కించుకోని నడీదావలో దింపినట్టు చేస్తిరే."

మేడం ఆయనకు టీ తెప్పించి, మా ఇద్దరినీ వసారాలోకి పిలిచారు.

"మీ ఇండ్లల్లో ఎవురన్నా బయల్దేరినాక వెనక నుంచి పిలుస్తారామ్మే?"

"పిలిస్తే మా అవ్వ తిడతాది మేడం," అంది వేంపల్లె.

"మరి చెప్పాల్సింది ఉంటే?"

"గడప దాటకముందే చెప్పాల."

అదే జవాబు నా నాలుక మీదా ఉంది. తను ముందు అనేసింది.

"అదే చేయండి," అన్నారు మేడం. "పోలేని మెషీనుకు బటనే చూపించొద్దు. ఎందుకు పోదో, ఏం చేస్తే పోతాదో ముందే చెప్పండి. మనిషి ఆశపడినాక లేదనేది శానా తప్పు. ఆలూరూ, కారణాలు నువ్వు కనుక్కో. తెర మీద వేంపల్లె చెప్తాది."

ఆ పంపకం నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. కనుక్కునేది ఎవరికీ కనపడదు. చెప్పేది తెర మీద ఉంటుంది.

కనుక్కున్నాను. కొత్త సర్వరులో జాగా చాలకపోతే మెషీన్ పోదు. రెండు సర్వర్ల ప్రాసెసర్లకు పొత్తు కుదరకపోయినా పోదు. గుమాస్తా మెషీన్ మాత్రం ఈ రెండూ సరిగ్గా ఉన్నా పోలేదు. పాత సర్వరు డ్రైవులో ఎవరో ఒక సీడీ వదిలి వెళ్లారు. మెషీన్ ఆ సీడీని పట్టుకుని ఉంది, అది అవతల దొరకదు గనక కదలనంది. ఇది పట్టుకున్న రోజు మేడం దగ్గరికి పరిగెత్తాను.

"సరే," అన్నారు. "ఇంగా ఏమన్నా ఉండాయేమో చూడు."

హెచ్చరిక నేను కూడా రాసి చూపించాను. 'పరికర బంధనము వలన తరలింపు సాధ్యపడదు.' వేంపల్లె చదివి పడీపడీ నవ్వింది.

"ఇది కరెంటాఫీసు నోటీసు మాదిరి ఉండాది మే. గుమాస్తా సారు భయపడి సెలవు పెడతాడు."

తను రాసింది ఇది: 'ఈ మెషీన్ ఇప్పుడు జరగదు. పాత సర్వరులో సీడీ ఉంది. తీసేస్తే జరుగుతుంది.' వాళ్లది బజారులో దుకాణం. గిరాకీ ఇంకా వీధిలో ఉండగానే వాళ్ల నాయన "అక్కా, ఆ సబ్బు రేపొస్తాది" అని కేకేసేవాడట, మెట్లెక్కి దిగే శ్రమ లేకుండా. తను ఆ మాటల మధ్య పెరిగింది. మా ఇంట్లో చదువు నాతోనే మొదలైంది. పుస్తకంలో ఉన్న మాటలే మంచి మాటలని నేను నమ్మాను.

మళ్లీ ఎవరో సీడీ వదిలిన ఒక రోజు కరెంటు పోతే గుమాస్తా ఆ మూడు ముక్కలు చదివి, తనే లేచి సీడీ తీసి, మెషీన్ జరుపుకున్నాడు. "ఈ మాట రాసిందెవురమ్మా?" అని అడిగాడు. మేడం వేంపల్లెను చూపించారు. ఆరోజు ఇంటి నుంచి తెచ్చిన బొరుగుల ఉగ్గానిలోకి బజ్జీలు తనకే పెట్టారు. నన్ను "తిన్న్యావా?" అని అడిగారు. తిన్నానన్నాను. తినలేదు.

చదువయ్యాక వేంపల్లె ఉద్యోగానికి హైదరాబాదు వెళ్లింది. నేను అదే ల్యాబులో మేడం కింద సహాయకురాలిగా చేరాను. ఒంట్లో బాగాలేక కడపకు వెళ్లిపోయేటప్పుడు ఆమె తాళాలు నా చేతిలో పెట్టారు. ఈరోజుకీ ల్యాబు తెరవగానే ఏ మెషీన్ జరగదో చూసి, పిల్లలు కూర్చోకముందే చెబుతాను. వాళ్లే లేచి డ్రైవులో సీడీ ఉంటే తీసేస్తారు. ఎవరి పనీ మధ్యలో పోదు. నా బతుకులో నాకు గట్టిగా వచ్చిన పని ఇది, ఇచ్చింది మేడం.

పోయినవారం కడపలో వాళ్లింటికి ఇద్దరం వెళ్లాం. మేడం అక్కగారు వేంపల్లె చెయ్యి పట్టుకున్నారు. "నువ్వేనా తల్లీ? మా చెల్లెలు నీ మాటలు చెప్పి చెప్పి నవ్వుతాండె." నేను ఆలూరు అని చెప్పుకున్నాను. ఆమె నాకు కుర్చీ జరిపి, "కూచోమ్మా. నువ్వు ఏ సంవత్సరం పిల్లవు?" అన్నారు.

బయటికి వచ్చాక వేంపల్లెను అడిగాను, మేడం నా గురించి ఎప్పుడైనా ఏమైనా అన్నారా అని.

"నాతో అయితే ఏమీ అనల్యా మే," అంది. "నీకు అబద్ధం చెప్పలేను."

బస్సులో కర్నూలు దాకా ఏడ్చాను. మేడం కోసమో, ఆ జవాబు కోసమో నాకే తెలియలేదు. తాళాలు నీకే ఇచ్చారు కదా అని ఇక్కడ అందరూ అంటున్నారు. తాళాలు ఇచ్చేటప్పుడు కూడా "కిటికీలు చూసుకో" అన్నారు గానీ ఇంకేమీ అనలేదు.

అందుకే అడుగుతున్నాను. నా గురించి మేడం మీలో ఎవరితోనైనా ఏదైనా అని ఉంటే, అది తిట్టైనా సరే, ల్యాబుకు ఒక కార్డు రాయండి. ఒక్క మాట చేరినా సభలో వేంపల్లె తర్వాత లేచి నిలబడతాను. ఏదీ రాకపోతే ఆ రోజు వేదిక ఎక్కను, వరసల మధ్య మంచినీళ్ల గ్లాసులు అందిస్తూ తను చెప్పేది వింటాను. ఇరవయ్యో తేదీలోగా నాకు అందేలా రాయండి.