గోవెర్ట్ చెప్పిన దారి

హార్లెమ్ ఊరిబయట ఇసుకదిబ్బల పక్కన కాపురముండే గోవెర్ట్‌కు కుడేదో ఎడమేదో తెలియదు. పెళ్లినాడు పాస్టరుగారు కుడిచెయ్యి చాపమంటే ముందు ఎడమచెయ్యి చాపాడు. కాదంటే రెండూ చాపాడు. అదీ కాదనేసరికి విసుగొచ్చి టోపీ చాపాడు.

తప్పంతా తాను బొమ్మలు గీసే రాగిరేకులదేనని ఆయన వాదన. రేకు మీద సూదితో గీసి, ఆమ్లంలో ముంచి, సిరా పట్టించి కాగితం మీద అద్దితే బొమ్మ అటుదిటు తిరగబడుతుంది. చర్చి ఎడమన కనపడాలంటే కుడిన గీయాలి. "పొద్దస్తమానం తిరగేసి గీసేవాడికి బుర్ర తిరగబడదుటే?" అనేవాడు.

బొమ్మల్లో మాత్రం ఏ తేడా రాదు. ఒరిగిన గడ్డికప్పులు, బురదలో కూరుకున్న బండిచక్రాలు, కాలవగట్టున బాతులు! "అదుగో మా పందులదొడ్డి!" అని ఊళ్లోవాళ్లు మురిసిపోయేవాళ్లు.

అచ్చుయంత్రం తిప్పేది భార్య లైస్‌బెత్. వాళ్ల ఇల్లు సరిగ్గా రెండు దారులు చీలేచోట ఉండటం ఆవిడ కర్మ. దారి తప్పినవాళ్లంతా తిరిగొచ్చి ఆవిడ మీద పడేవాళ్లు.

"ఏమమ్మా, మీ ఆయన ఎడమకి పొమ్మంటూ కుడివైపు వేలు చూపించాడు!"

"మరి మీరేం చేశారు బాబూ?"

"వేలిని నమ్మాను. ఇసుకలో తేలాను!"

ఒకనాడు ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బొమ్మల వర్తకుడొకాయన వచ్చాడు. పల్లెబొమ్మలు చాలా కావాలి, ఆలోచించి చెబుతానంటూ పడవరేవుకు దారి అడిగాడు. లైస్‌బెత్ లోపలినుంచి పరుగెత్తుకొచ్చేసరికే గోవెర్ట్ దారి చెప్పేశాడు.

"కొంప ముంచావయ్యా!" అంటూ ఆవిడ దిబ్బల్లోకి పరుగెత్తింది.

దిబ్బల మధ్య ట్రైన్ అనే విధవరాలి సారాకొట్లో వర్తకుడు కూర్చుని వేడి వేడి అట్లు తింటున్నాడు. ట్రైన్ మొగుడు చేపలవేటకు పోయి సముద్రంలో పోయాడు. కొత్త కాలవ తవ్వి పడవలు వచ్చాక ఆ పాతదారిన మనిషన్నవాడు రావడం లేదు. మరి ఈ బెంచీల నిండా జనమేమిటి? లైస్‌బెత్‌కు అయోమయంగా ఉంది.

"అందరూ మీ ఆయన పంపినవాళ్లే వదినా," అంది ట్రైన్, అట్టు తిరగేస్తూ.

"పడవ పోతే ఇంకోటొస్తుంది. ముందు ఈ కొట్టు, ఈ దిబ్బ గీయమని చెప్పమ్మా," అన్నాడు వర్తకుడు, నోటినిండా అట్టుతో.

లైస్‌బెత్ ఇంటికొచ్చి మొగుడి ముందు నిలబడింది. "నిజం చెప్పు. నీకు కుడి ఎడమలు తెలుసా, తెలీదా?"

గోవెర్ట్ తల గోక్కున్నాడు. "మొదటిసారి నిజంగానే తప్పు చెప్పానే. ఆ మనిషిని వెతుక్కుంటూ వెళితే ట్రైన్ పొయ్యి వెలిగించి ఉంది. మొగుడు పోయాక అదే మొదటిసారట. ఇంక నేర్చుకోవడం దేనికని ఊరుకున్నాను."

"అంటే తెలుసన్నమాట!"

"పొయ్యి ఎటుందో తెలుసు. దాన్ని కుడంటారో ఎడమంటారో నిజంగా తెలీదు."

తిట్టాలో నవ్వాలో లైస్‌బెత్‌కు అర్థం కాలేదు. అంతలో వాకిట్లో ఎవరో లైడెన్‌కు దారెటని అడిగారు. గోవెర్ట్ నోరు తెరిచేలోపే ఆవిడ గడపలోకి వెళ్లింది.

"లైడెన్ అటు బాబూ," అంది. ఆ మనిషిని ఎగాదిగా చూసి, దిబ్బలకేసి చెయ్యి చూపించింది. "ఆకలేస్తుంటే మాత్రం ఇటు."