గోదారి ఒడ్డున గాలం నేర్చుకున్న ఏడాది

నాకు మొదటి పోస్టింగు భద్రాచలానికి ఎగువన, గోదావరి ఒడ్డున అడవిని ఆనుకుని ఉన్న ఒక ఊళ్లో పడింది. ఎనభైల నాటి సంగతి. మా ఊరు తల్లాడ దాటి పెద్దగా ఎరగని పిల్లను, ఉన్నట్టుండి సబ్ సెంటర్ నర్సునయ్యాను. పగలంతా సూదులు, మలేరియా మాత్రలు, పురుళ్లు. మధ్యాహ్నం దాటాక సెంటర్లో పనిచేసే ఆయమ్మ తాళంచెవి నా చేతిలో పెట్టి ఇంటికి వెళ్లిపోయేది. చుట్టుపక్కల గూడేలవాళ్లు తమలో తాము కోయ భాషలో మాట్లాడుకునేవారు. జబ్బు గురించి తప్ప నాతో ఎవరికీ మాట ఉండేది కాదు. సాయంత్రం బస్సు వెళ్లిపోయాక పొద్దు గూకేదాకా ఏం చేయాలో తోచేది కాదు. ఒక్కదానికి ఎంత వండుకోవాలో తెలియక రోజూ అన్నం మిగిలిపోయేది.

అలా ఏటివైపు నడక మొదలైంది. రేవుకు కాస్త ఎగువన నల్లటి బండల మీద ఒక కోయ ముసలమ్మ వెదురు గాలం పట్టుకుని కూర్చునేది. నేను కొంచెం ఎడంగా కూర్చునేదాన్ని. చాలా రోజులు మా మధ్య పలకరింపు కూడా లేదు. ఒక సాయంత్రం ఆమే, నావైపు తిరగకుండానే అడిగింది.

"నర్సమ్మా, ఊకె కూసుంటే ఏమొస్తది? గాలమేస్తవా?"

"నాకు రాదవ్వా."

"నాకు పుట్టంగనే వచ్చిందా ఏంది?"

మర్నాడు నాకోసం ఒక సన్నటి వెదురు కర్ర తెచ్చింది. నైలాన్ దారానికి మధ్యలో నెమలి ఈక కాడ ముక్కను బెండుగా కట్టింది. అది తేలుతూ ఉంటే అడుగున ఏం జరుగుతోందో తెలుస్తుందట. కొసన చిన్న సీసం ముక్క, గాలపు ముల్లు. బతికున్న వానపామును ముల్లుకు గుచ్చుతుంటే నేను మొహం తిప్పుకున్నాను. ఆమె నవ్వింది.

"మనుషులకు సూదులు గుచ్చుతవు గద, ఎర్రకు గుచ్చనీకి బయమా?"

బెండు కొంచెం కదలగానే నేను గుంజేదాన్ని. ఉత్త ముల్లు పైకొచ్చేది. "అది రుచి చూస్తున్నది. మింగనియ్యి" అనేది ఆమె. అంతకుమించి చెప్పేది కాదు. అవతలి ఒడ్డున పొగ లేచే ఊరివైపు చూస్తూ కూర్చునేది. ఆ మౌనంలోనే నాకు ఆ ఊళ్లో మొదటి తోడు దొరికింది.

నాకు పడిన మొదటి చేప ఒక జెల్ల. అరచేయంత కూడా లేదు. సంతోషం పట్టలేక గబుక్కున చేత్తో పట్టేసుకున్నాను. దాని రెక్క దగ్గరి ముల్లు బొటనవేలి మొదట్లో కసుక్కున దిగింది. చెయ్యంతా మంట. ముసలమ్మ నా వేలు పిండి రక్తం కడిగింది. నేను సెంటర్‌కు వచ్చి, ఎడమ చేత్తో నా కుడి భుజానికి నేనే టీటీ సూది వేసుకున్నాను. అందరికీ సూదులు వేసేదాన్ని, నాకు వేసేవాళ్లు ఎవరూ లేరు. నొప్పికి కాదుగానీ, కళ్లనీళ్లు ఆగలేదు.

వానలు పట్టాయి. గోదారి ఎర్రగా పొంగి బండల్ని ముంచేసింది. ముసలమ్మ గూడేనికీ మా ఊరికీ మధ్యనున్న వాగు కూడా పొర్లడంతో రాకపోకలు ఆగిపోయాయి. వరద తీసి బండలు మళ్లీ తేలాక రోజూ వెళ్లి కూర్చున్నాను. ఆమె రాలేదు. వాగు తగ్గినా గూడేనికి వెళ్లి అడగడానికి మొహమాటమేసింది. ఏమని అడగాలి? నాతో వచ్చి కూర్చోమనా?

ఒక సాయంత్రం చిన్న చేపనే ఎరగా పెట్టి వేశాను. బెండు ఊగలేదు, ఒక్కసారిగా మాయమైంది. గుంజకుండా ఊపిరి బిగబట్టి, దారం బిగిశాక ఎత్తాను. కర్ర విల్లులా వంగింది. దారం వేలిని కోస్తున్నా వదల్లేదు. అది లాగినప్పుడు దానివెంట ఇసుకలో దిగువకు నడిచాను, అలిసినప్పుడు నావైపు లాక్కున్నాను. చివరికి ఒడ్డున పడింది. నా చెయ్యంత పొడుగు వాలుగ! "అవ్వా!" అని గట్టిగా కేకేశాను. నా కేక నాకే వినబడింది. అక్కడ ఇంకెవరూ లేరు.

ఇంకా వెలుగుండగానే చేపను గోనెసంచిలో వేసుకుని వాగు దాటి గూడేనికి వెళ్లాను. ముసలమ్మ గుడిసె ముందు చింతపండు గింజ తీస్తోంది. పక్కన అచ్చం ఆమె పోలికలతోనే ఇంకో ముసలమ్మ.

"మా చెల్లె" అంది. "ఆ ఒడ్డుకిచ్చినం. మొగడు సచ్చిపోయిండు, నా తానకే వచ్చింది."

"మరి ఏటికి వస్తలేవేందవ్వా?"

"ఇప్పుడు ఇంటికాడ మాట్లాడనీకి మనిషున్నది గద నర్సమ్మా. ఇగ ఏటికాడ నాకేం పని?"

ఆమె మామూలుగానే అంది. ఆమె కూడా చేపల కోసం అక్కడ కూర్చోలేదని నాకు అప్పుడు తెలిసింది. సంతోషించాలి నిజానికి. అసూయే ముందొచ్చింది.

నన్ను పోనివ్వలేదు. వాలుగను ముక్కలు కోసి చింతపండు పులుసు పెట్టారు. ముగ్గురం తిన్నాం. అక్కచెల్లెళ్లు కోయలో ఏదో చెప్పుకుని నవ్వుతుంటే అవ్వ ఒకటి రెండుసార్లు నాకు తెలుగులో చెప్పింది, తర్వాత మరిచిపోయింది. వెళ్లేటప్పుడు ఇద్దరూ వాగుదాకా వచ్చి సాగనంపారు.

ఆ తర్వాత బండల మీదికి ఒక్కదాన్నే వెళ్లాను. చేపలు బాగానే పడేవి. ఎక్కువైతే ఆయమ్మకు ఇచ్చేదాన్ని. పెనుబల్లి వైపు బదిలీ వచ్చేనాటికి పొద్దు గూకేదాకా ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోవడం అలవాటైపోయింది. కొత్త ఊళ్లో ఇరుగుపొరుగు ఆడవాళ్లు సాయంత్రాలు వచ్చి అరుగు మీద కూర్చుంటే, వాళ్లతో ఏం మాట్లాడాలో చాలా రోజులు నాకు తెలియలేదు.