చప్పుడు మాత్రం అందరిది

మొన్న ఉదయం అత్తాపూర్ సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా ఫోన్ వచ్చింది. పాతికేళ్ల కిందట నాతోపాటు యానిమేషన్ స్టూడియోలో పనిచేసిన కుర్రాడు. "అన్నా, మన అక్క పోయింది" అన్నాడు. ఏ అక్క అని అడగలేదు. మా స్టూడియోకు అక్క ఒక్కతే. వెనక బండ్లవాళ్లు హారన్లు కొడుతున్నా కదల్లేకపోయాను.

ఇప్పుడు విమానాలు దిగే శంషాబాద్‌లో తొంభైల చివర్లో లారీల మోతే ఉండేది. బెంగళూరు రోడ్డు పక్కన, ఎరువుల దుకాణం పైన కిరాయికి తీసుకున్న గదుల్లో మా స్టూడియో. నేను గుంటూరు నుంచి కొత్తగా వచ్చాను. అక్క మామిడిపల్లి రైతు కుటుంబం పిల్ల. మా అందరికీ పని నేర్పింది ఆమే. మానిటర్ ముందుకు రాగానే చెప్పులు విప్పి, కాళ్లు కుర్చీలో మడిచి పెట్టుకునేది. కంప్యూటర్ మొరాయిస్తే మేం దాన్ని తిట్టేవాళ్లం. ఆమె మాత్రం "జర ఊపిరి తీసుకోనియ్యుండ్రి, అది గూడ పనే చేస్తున్నది" అనేది.

ఒక దసరాకు చీరల కొట్టు ప్రకటన వచ్చింది. బతుకమ్మ చుట్టూ ఆడవాళ్లు తిరుగుతూ చప్పట్లు కొట్టాలి. ఇది వాళ్లకు నచ్చకపోతే యానిమేషన్ పనే మూసేస్తానని యజమాని ముందే చెప్పేశాడు. మా అందరి ఉద్యోగాలూ ఆ బతుకమ్మ మీదే ఉన్నాయి.

బొమ్మ ఏ క్షణాన ఎలా నిలబడాలో మేం గుర్తు పెడతాం, మధ్యలో కదలికను కంప్యూటర్ నింపుతుంది. ఆ గుర్తులే కీఫ్రేములు. ఒక బొమ్మకు పెట్టి, మిగతావాటికి అవే అంటించాం. అందరూ ఒక్కసారే వంగారు, ఒక్కసారే లేచారు. "ఇది బతుకమ్మా, పోలీసు కవాతా?" అని యజమాని విసుక్కున్నాడు.

అక్క చిన్న స్క్రిప్టు, అంటే కంప్యూటర్‌కు పని చెప్పే నాలుగు వరుసలు, రాసింది. ఒక్కో బొమ్మ కీఫ్రేములను అది తోచినట్టు కాస్త ముందుకో వెనక్కో జరుపుతుంది. ఎవరికి ఎంత అన్నది మనం చెప్పం, కంప్యూటరే పాచికలు వేసుకుంటుంది. కవాతు పోయింది గానీ, చప్పట్లు మంగలంలో పేలాల్లా తలో క్షణాన పేలాయి.

"ఆ జరపడం ఇంకొంచెం తగ్గించి చూద్దామా అక్కా?" అన్నాను. తగ్గిస్తే కవాతు, పెంచితే పేలాలు.

"ఇగ గిట్ల కాదు, లేవుండ్రి అందరు" అంది. కుర్చీలో మంచినీళ్ల కూజా పెట్టి, మీసాలున్న మమ్మల్నందరినీ చప్పట్లు కొట్టిస్తూ దాని చుట్టూ తిప్పింది. నాకు వంగడం రాదు, నా పక్కవాడికి లేవడం రాదు. సిగ్గుతో చచ్చాం. ఆమె నవ్వకుండా మా చేతులే చూసింది.

"చూసిండ్రా? వంగుడు ఎవరిది వాళ్లది. చప్పుడు మాత్రం అందరిది."

వెళ్లి స్క్రిప్టు మార్చింది. చప్పట్ల కీఫ్రేమును కదలకుండా బిగించి, దానికి ముందూ వెనకా ఉన్నవాటినే జరగనిచ్చింది. తెర మీద బొమ్మలు ఆడవాళ్లయ్యాయి. ఇల్లు నడపడానికైనా, నలుగురితో పనిచేయించడానికైనా ఆ మాటకు మించిన సూత్రం నాకు ఇప్పటికీ దొరకలేదు.

కొట్టువాళ్లు వచ్చే రోజు పొద్దున యజమాని తెర మీద నీలం చీర కట్టిన ఒక ఆవిడను చూపించాడు. అందరి చప్పట్లూ అయ్యాక ఆమె చేతులు కలుస్తున్నాయి.

"ఇదేంటమ్మా, తప్పు దొర్లింది. వెంటనే సరిచెయ్యి."

"తప్పు గాదు సార్, నేనే చేత్తోని పెట్టిన. గామె మా అమ్మ. బతికున్నన్ని దినాలు గట్లనే అందరెనుక కొట్టేది. సరిజేస్తే ఇగ మా అమ్మ గాదు."

"వాళ్లు వద్దంటే మనందరం ఇంటికే."

"ఎరుకే సార్."

ఎన్నడూ ఎదురుచెప్పని మనిషి కుర్చీలోంచి కదల్లేదు. యజమాని తల పట్టుకుని, అలాగే చూపించాడు. కొట్టు పెద్దాయన మళ్లీ వేయించుకుని చూశాడు. నీలం చీర మీద వేలు పెట్టి, "మా అత్త గూడ గిట్లనే కొడ్తది" అని నవ్వాడు. పని దక్కింది, మేమూ నిలిచాం. అంతమంది ఉద్యోగాలకు ఎదురుగా తల్లిని నిలబెట్టుకున్న ఆ ధైర్యానికి అప్పుడు భయపడ్డాను. ఇప్పుడు దండం పెడుతున్నాను.

అక్కను సాగనంపి ఇంటికి వచ్చాక, నా దగ్గర మిగిలిన ఆ ప్రకటన పెట్టుకుని చూశాను. ఏడుపు ఆగలేదు. ఆడవాళ్లు ఎవరి తీరున వాళ్లు వంగారు. చేతులన్నీ ఒక్కసారి కలిసి విడిపోయాయి. అందరూ అడుగు వేశాక, ఏ తొందరా లేకుండా, నీలం చీర ఆవిడ చప్పట్లు కొట్టింది.