నేను పూచీ పడ్డ మనిషి

నయాపూల్ దగ్గర మాకు గిన్నెల దుకాణం ఉంది. ఇల్లు దాని పైనే. పక్కది ట్రంకు పెట్టెల దుకాణం. మధ్యాహ్నం నమాజుకు పోతూ ఆ దుకాణం చాచా గుమ్మానికి అడ్డంగా ఒక కర్ర పెట్టి, మా బాపు వైపు చూసి తల ఊపుతాడు. అంతే. ఆయన తిరిగొచ్చేదాకా లోపల ఒక్క తాళంకప్ప కూడా కదలదు. బాపు ఊరికి పోతే మా గల్లా దగ్గర చాచానే కూర్చుంటాడు. పుట్టినప్పటి నుంచి నేను చూసింది ఇదే. లోకమంతా ఇట్లాగే నడుస్తుందనుకున్నాను, నా తెలివి మండిపోను.

డిగ్రీ అయ్యాక ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలని పట్టుబట్టాను. బేరాలు లేని వేళ దుకాణంలోనే లాప్‌టాప్ ముందేసుకుని వీడియోలు చూసేదాన్ని. చూస్తున్నంతసేపు అంతా అర్థమైనట్టే ఉండేది, మూసేస్తే ఒక్క ముక్క గుర్తుండేది కాదు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో కోడ్ ఎవరైనా చదవవచ్చని, తప్పు కనిపిస్తే సరిదిద్ది పంపవచ్చని అప్పుడే తెలిసింది. ముందు బాగా పేరున్న వాటి మీద పడ్డాను. వేల ఫైళ్లు! ఒక ప్రశ్న అడిగితే నెల దాకా దిక్కు లేదు. ఆఖరికి వచ్చిన జవాబు కూడా నియమాలు చదువుకుని రమ్మని. తిక్క రేగి లాప్‌టాప్ మూసేశాను.

కొత్తగా నేర్చుకునేవాళ్లు వెతకాల్సింది పెద్ద పేరును కాదని, పలికే మనిషినని మెల్లగా తెలిసొచ్చింది. కొత్తవాళ్లకు అని గుర్తు పెట్టిన పనులున్నాయా, ఆఖరి జవాబు ఎన్నాళ్ల కిందటిది, తెలియక అడిగినవాణ్ణి కసురుకున్నారా, ఓపికగా చెప్పారా? ఇవి చూడటం మొదలుపెట్టాను. అట్లా దొరికింది ఒక చిన్న ఆప్. మందుల వేళకు ఫోన్లో గంట మోగించి, ఏ మాత్ర వేసుకోవాలో తెలుగులో చెబుతుంది. దాన్ని నడిపేది ఒక్కరే. రాతను బట్టి కోస్తా వైపు పెద్దాయన అనుకున్నాను, మొహం మాత్రం ఎన్నడూ చూడలేదు.

అందరికీ మధ్యాహ్నం రెండింటికి మోగే గంట ఒక్కసారి మోగాల్సింది రెండుసార్లు మోగుతోందని, దాన్ని సరిచేసే పని నాకిచ్చాడు. మూడుసార్లు తప్పు పంపాను. మూడుసార్లూ ఎందుకు తప్పో వివరంగా రాశాడు, విసుక్కోలేదు. నాలుగోసారి నా కోడ్ ఆప్‌లో చేరింది. ఆ రోజే అమ్మ ఫోన్లో దాన్ని పెట్టాను. రెండు గంటలకు, బీపీ మాత్ర వేళకు, గంట ఒక్కసారే మోగింది. అమ్మ ఆ సంగతి గల్లీ అంతా చెప్పుకుంది, నాకు మస్తు సంబరమైంది.

ఏడాది తిరిగేసరికి పెద్దాయన భార్యకు ఆపరేషన్ అయింది. ఆయన జవాబులు తగ్గాయి. సరిగ్గా అప్పుడే కొత్తగా ఒకడు వచ్చాడు. ఎంత పనిమంతుడో! నేను అడిగిన నిమిషంలో జవాబు. పెండింగ్ పనులన్నీ వారంలో తేల్చాడు. నా కోడ్ చాలా శుభ్రంగా ఉందని రోజూ పొగిడేవాడు. కొన్నాళ్లకు ఆప్ తాళాలు తనకిస్తే పెద్దాయనకు బరువు తగ్గుతుందన్నాడు. తాళాలంటే, కొత్త మార్పులను అందరి ఫోన్లకూ పంపే అధికారం. పెద్దాయన నన్ను అడిగాడు.

"రోజూ అతనితో పనిచేస్తున్నది నువ్వే కదమ్మా. ఇవ్వొచ్చంటావా?"

అన్నం తింటూ బాపుకు ఈ సంగతి చెప్పాను. ఆయన ముద్ద ఆపి నా వైపు చూశాడు.

"చాచా దినాం నా కండ్ల ముందట కూసుంటడు, అందుకే దుకాణం చూస్కుంట. గీయన మొఖమన్న చూసినవా బిడ్డా?"

ఇంటర్నెట్‌లో ఎవరి మొహమూ ఎవరూ చూడరని నవ్వేశాను. చేయి కడుక్కుని వెంటనే పెద్దాయనకు రాశాను, బజార్లో మేం అనే మాటే: మా మనిషే, నాది పూచీ. సాయంత్రానికి తాళాలు చేతులు మారాయి.

ముందు కొత్తవాళ్ల పనులు మాయమయ్యాయి. తర్వాత నేను కోడ్ చదివి ప్రశ్నలడిగితే, నీకెందుకమ్మా శ్రమ అన్నాడు. నాకు అక్కడే అనుమానం తగిలింది. చదివే నేర్చుకున్నదాన్ని, చదవకుండా ఎట్లా ఉంటాను? మొన్న ఒక మధ్యాహ్నం, చాచా కర్ర అడ్డం పెట్టి పోయాక, కొత్త మార్పులన్నీ వరసగా చదివాను. గంట మోగించే కోడ్ పక్కనే ఇంకొకటి ఉంది. ఫోన్లోని మెసేజీలన్నీ, బ్యాంకు పంపే ఓటీపీ నంబర్లతో సహా, ఎక్కడికో పంపుతోంది. ఇదేమిటని అక్కడే అందరికీ కనిపించేలా అడిగాను. నిమిషంలో నా ప్రశ్న లేదు. మరో నిమిషానికి నాకు లోపలికి దారే లేదు. పెద్దాయనకు రాస్తే ఒక్క వాక్యం వచ్చింది, తన చేతిలో ఇప్పుడేమీ లేదని.

మెట్లెక్కి పరిగెత్తి అమ్మ ఫోన్ లాక్కున్నాను. ఆప్ అప్పటికే కొత్తదైపోయింది. మెసేజీలు చదవనివ్వమని అది అడిగితే ఎందుకు ఒప్పుకున్నావని అరిచాను. అమ్మ బిత్తరపోయింది.

"నువ్వు చేసిందే గదా బిడ్డా, గందుకే ఒప్పుకున్న. గల్లీల అందరికీ నేనే చెప్పిన. నా బిడ్డ చేసింది, ఫికర్ లేదు, ఏమడిగినా సరే అని నొక్కుండ్రి అని."

అమ్మ ఫోన్లోంచి ఆప్ తీసేశాను. నా మీద నాకే అసహ్యమేసింది. ఎవరెవరితో పెట్టించిందో అమ్మ ఇళ్ల వరసన చెప్పడం మొదలుపెట్టింది. మొదటిది చాచా ఇల్లే. ఆమె లెక్క సగంలో ఉండగానే రెండయింది. పక్కింట్లో గంట మోగింది. తర్వాత ఎదురింట్లో. తర్వాత వెనక గల్లీలో. నేను సరిచేసిన గంట, ఇంటికి ఒక్కసారే మోగుతూ పోయింది.